బన్‌గావ్‌లో ఆఖరి సెలైన్ సీసాలు

మోకాళ్ల మీద కూర్చో. నిలబడి చేసే పని కాదిది. మంచాలు ఎప్పుడో నిండిపోయాయి. మిగతావాళ్లంతా నేల మీదే. ఒకరి కాళ్లకూ ఇంకొకరి తలకూ మధ్య జానెడు ఖాళీ కూడా లేదు. నేల తడిగా ఉంది. అది వాన తడి కాదు. నీ పాంటు మోకాళ్ల దగ్గర తడిసి కాళ్లకు అంటుకుంటోంది. అదేమిటో నీకు తెలుసు. దాని గురించి ఇప్పుడు ఆలోచించకు.

ఇది 1971 జూన్ ఆఖరు. పశ్చిమ బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్ అనే చిన్న ఊరు. అక్కడి ఆసుపత్రిలో కలరా రోగుల కోసం ఇచ్చిన రెండు గదులు. మార్చి నెలాఖరులో తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) జనం మీద పాకిస్తాన్ సైన్యం విరుచుకుపడింది. అప్పటి నుంచి సరిహద్దు దాటి జెస్సోర్ రోడ్డు మీద మనుషులు ఆగకుండా వస్తూనే ఉన్నారు. పసిపిల్లలు, ముసలివాళ్లు, నెత్తిన మూటలు. పైన వాన. శిబిరాల్లో తాగే నీళ్లూ మురుగునీళ్లూ ఒకటైపోయాయి. ఇక కలరాకు ఇంకేం కావాలి? తెలంగాణ పల్లెల్లో దాన్ని గత్తర అంటారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించిన జబ్బు.

నువ్వు మెడికల్ విద్యార్థివి. కలకత్తా నుంచి డాక్టర్ దిలీప్ మహలనబిస్ బృందం వెంట వచ్చావు. సెలైన్ ఎక్కించడం చేతనైనవాళ్లు ఆ బృందంలో ఇద్దరే. నువ్వు వాళ్ల పక్కన సీసా పట్టుకుని నిలబడి పని నేర్చుకుంటున్నావు. ఈ మధ్యాహ్నం ఇద్దరి చేతులూ ఖాళీ లేవు. ఈ మనిషి నీ వంతుకు వచ్చాడు.

ముప్పై ఏళ్లుంటాయి. రైతు చేతులు. పక్కన భార్య.

"రాత్రి అన్నం తిన్నాడు డాక్టర్‌బాబూ. బాగానే ఉన్నాడు. తెల్లవారుజామున మొదలైంది."

అతని మణికట్టు పట్టుకో. జూన్ ఉక్కకు నీకు చెమటలు కారిపోతున్నాయి. అతని చెయ్యి మాత్రం చల్లగా ఉంది. బొటనవేలి మొదట్లో నాడి చూడు. లేదు. వేళ్లు కాస్త జరుపు. లేదు. మెడ దగ్గర పెట్టు. ఉంది. సన్నగా, లెక్క అందనంత వేగంగా. కడుపు మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలేయ్. మడత అలాగే నిలబడిపోయింది. చూస్తుండగా మెల్లగా కుంగింది. కళ్లు గుంటల్లోకి పోయాయి. వేళ్ల కొసలు ముడతలు పడ్డాయి. పిక్కలు పట్టేసి కాళ్లు ముడుచుకుంటున్నాడు. అతని కింద నుంచి బియ్యం కడిగిన నీళ్లలాంటిది ఆగకుండా పోతోంది. కలరా విరేచనాన్ని డాక్టర్లు గుర్తుపట్టేది ఆ రంగును బట్టే. వాసన కూడా పెద్దగా ఉండదు.

అప్పుడతను కళ్లు తెరిచి నిన్నే చూస్తాడు. "నీళ్లు" అంటాడు. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. కానీ మాటలో తేడా లేదు. నీ వెనక ఎవరున్నారో, తన భార్య ఎందుకు ఏడుస్తోందో, అంతా తెలుస్తోంది.

నువ్వు తడబడేది ఇక్కడే. చేతిలో నాడి లేని మనిషి ఇంత తెలివిగా ఎలా మాట్లాడుతున్నాడు?

లెక్క వేసుకో. ఇతని బరువు 50 కిలోలు అనుకుందాం. అందులో దాదాపు 30 లీటర్లు నీరే. ఆ ముప్పైలో 20 లీటర్లు కణాల లోపల ఉంటాయి, 10 లీటర్లు బయట. ఆ పదిలో కూడా రక్తనాళాల్లో తిరిగే ప్లాస్మా రెండున్నర లీటర్లే. మిగతాది కణాల మధ్య సందుల్లో ఉంటుంది. కణం లోపల పొటాషియం కాపలా, బయట సోడియం కాపలా. రెండు వైపులా గాఢత సమానంగా ఉన్నంతసేపు నీరు కదలదు. ఒక వైపు చిక్కబడితే అటు పోతుంది. ఎండలో చెమటోడ్చినవాడు ఉప్పుకన్నా నీటినే ఎక్కువ పోగొట్టుకుంటాడు. బయటి ద్రవం చిక్కబడుతుంది. కణాలు తమ నీళ్లలోంచి కొంత అప్పిస్తాయి.

కలరాలో ఆ అప్పు పుట్టదు. పోయే నీళ్లలో ఉప్పు దాదాపు రక్తంలో ఉన్నంతే ఉంటుంది. నీరూ ఉప్పూ కలిసే పోతున్నప్పుడు చిక్కబడేదేముంది? కణాల్లోని 20 లీటర్లు ఎక్కడివక్కడే ఉండిపోతాయి. నష్టమంతా బయటి 10 లీటర్లదే. చర్మం మడత, గుంట కళ్లు, అందని నాడి చూస్తుంటే ఇతని బరువులో పదోవంతు పోయినట్టే. అంటే 5 లీటర్లు. బయటి నీళ్లలో సగం. మిగిలిన కాస్త రక్తాన్నీ శరీరం చేతుల నుంచి, చర్మం నుంచి వెనక్కి లాగి గుండెకూ మెదడుకూ పంపుతోంది. చెయ్యి చల్లబడింది అందుకే. మాట ఇంకా నిలిచిందీ అందుకే.

ఎంతసేపు నిలుస్తుంది? ముదిరిన కలరాలో గంటకు లీటరు దాకా పోతుంది. ఇతను ఇంకో లీటరు తట్టుకోలేడు.

సూది తీసుకో.

మోచేతి మడతలో నరం కోసం వెతుకు. మామూలుగా ఉబికి కనిపించాలి. కనిపించదు. లోపల రక్తం లేక నరం చదునైపోయింది. కట్టు బిగించు. తట్టు. వేలికి ఏదో సన్నగా తగిలింది. గుచ్చు.

రక్తం రాలేదు.

తీసెయ్. ఇంకోచోట. చెయ్యి వణుకుతోంది. భార్య నీ ముఖమే చూస్తోంది. మళ్లీ గుచ్చు.

ఎర్రగా ఒక చుక్క.

కదలకు. గొట్టం తగిలించు. బిగింపు పూర్తిగా వదులు. చుక్కలు కాదు, ధారగా పోనివ్వాలి. సీసా ఎత్తి పట్టుకో. ఇంకా ఎత్తు.

మొదటి సీసా అయిపోయింది. రెండోది తగిలించావు. వేళ్లు అతని మణికట్టు మీదే ఉంచు. ఏమీ లేదు. ఏమీ లేదు. ఉందా? ఉంది. తాడు సన్నగా కదిలినట్టు కొట్టుకుంటోంది. కాసేపటికి చెయ్యి వెచ్చబడుతుంది. ఇంకొంచెం సేపటికి అతను తలెత్తి చుట్టూ చూసి, తన మూట ఎక్కడుందని భార్యను అడుగుతాడు. వైద్యంలో ఇంత త్వరగా మనిషి తిరిగొచ్చే దృశ్యాలు తక్కువ. ఇది చూసినవాళ్లు మర్చిపోలేరు.

నువ్వు చూడాల్సింది మాత్రం గోడ వారన ఉన్న పెట్టెలు. ఖాళీ గాజు సీసాలు ఒకవైపు కుప్పగా పడున్నాయి. నిండువి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఈ రైతుకు రెండు పోయాయి, ఇంకా కావాలి. విరేచనాలు ఆగలేదు కదా. పోయినంత పోస్తూ ఉండాలి. మనిషికి ఎనిమిది, పది లీటర్లయినా పట్టొచ్చు. బయట వరండాలో ఎంతమంది ఉన్నారు? వాన వెలిస్తే రోడ్డు మీద ఇంకెంతమంది వస్తారు?

ఇప్పుడే ఇద్దరిని తెచ్చి నీ ముందు పడుకోబెట్టారు. తొమ్మిదేళ్ల పిల్లవాడు. వాడి పక్కన నాయనమ్మ. ఇద్దరికీ నాడి అందడం లేదు. నీ చేతిలో ఒక సీసా ఉంది.

ఎవరికి?

పాఠ్యపుస్తకం ఏమీ చెప్పదు. ముసలామె కళ్లతోనే పిల్లవాణ్ని చూపిస్తుంది. నువ్వు పిల్లవాడి వైపు వంగుతావు. నరం దొరికే సరికి పక్కన ముసలామె ఊపిరి మారిపోయింది. లోతుగా, వేగంగా, పరుగెత్తి వచ్చిన మనిషిలా. విరేచనంతో పాటు బైకార్బొనేట్ కూడా పోతుంది. రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోసేసి ఆ ఆమ్లాన్ని తగ్గించాలని చూస్తున్నాయి. ఆ ప్రయత్నం ఎక్కువసేపు సాగదు.

సాగలేదు.

పక్కకు వచ్చి చేతులు కడుక్కో.

వచ్చిన రెండు రోజుల్లోపే మహలనబిస్‌కు లెక్క అర్థమైపోయింది. ఈ యుద్ధం ఓడిపోతున్నాం. సీసాలు చాలవు. ఉన్నా, ఎక్కించే చేతులు చాలవు. అప్పుడాయన చేసిన పని నీకు వింటేనే గుండె జారుతుంది. నోటి ద్వారా ఇద్దాం అన్నారు. గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లు. ఇచ్చేది ఎవరు? డాక్టర్లు కారు, నర్సులు కారు. రోగి పక్కన కూర్చున్న అమ్మ, అక్క, భర్త.

కలకత్తాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధన కేంద్రం లైబ్రరీ గది పొట్లాలు కట్టే చోటైపోయింది. బజారులో కొన్న సరుకు తూకం వేసి, ప్లాస్టిక్ సంచుల్లో పోసి, వేడి ఇస్త్రీపెట్టెతో మూతి అతికిస్తున్నారు. ఆ సంచులు ఇవాళ ఇక్కడికొచ్చాయి. మోతాదు చదువు: లీటరు నీటికి గ్లూకోజు 22 గ్రాములు, ఉప్పు 3.5 గ్రాములు, వంటసోడా 2.5 గ్రాములు. లీటరుకు ఖర్చు 11 పైసలు.

కింద కుళాయి ఉన్న డ్రమ్ములో నీళ్లు పోసి సంచి కత్తిరించు. తెల్లటి పొడి జారి కరిగిపోతుంది. ఒక గుక్క నోట్లో వేసుకో. కన్నీళ్లంత ఉప్పగా, వెనకాల కొంచెం తీపి. అంతే. ఇదా మందు? నీ ముఖంలో ఆ ప్రశ్న అందరికీ కనిపిస్తోంది. పేగు తనలో ఉన్నదే నిలుపుకోలేక గంటకు లీటరు పారబోస్తోంది. దాంట్లోనే మళ్లీ నీళ్లు పోస్తే నిలుస్తాయా?

నిలుస్తాయి. ఎందుకో చూడాలంటే పేగు గోడ దగ్గరికి వెళ్లాలి.

ఆరోగ్యంగా ఉన్న మనిషి పేగులోకి రోజూ ఎనిమిది, తొమ్మిది లీటర్ల ద్రవం వస్తుంది. తాగింది రెండు లీటర్లే. మిగతాది లాలాజలం, జీర్ణరసాలు, పైత్యరసం. అంతా శరీరం తనలోంచి తీసి పోసుకున్నదే. అందులో గ్లాసెడు తప్ప మిగిలిందంతా తిరిగి పీల్చుకుంటుంది. కలరా క్రిమి ఈ పేగు గోడను చీల్చదు, కాల్చదు. కలకత్తాలోనే ఎస్.ఎన్. దే అనే శాస్త్రవేత్త 1959లో చూపించినట్టు, అది ఒక విషాన్ని వదులుతుంది. ఆ విషం కణంలోకి చేరి క్లోరైడ్ బయటికి పోయే దారిని తెరిచి ఉంచేస్తుంది. క్లోరైడ్ వెంట సోడియం, సోడియం వెంట నీరు. ఉప్పును మామూలుగా లోపలికి తెచ్చే ఒక దారి కూడా మూసుకుపోతుంది.

కానీ ఇంకో దారిని ఆ విషం ముట్టుకోదు. అక్కడ సోడియం ఒక్కటే వస్తే తలుపు తీయరు, గ్లూకోజు ఒక్కటే వచ్చినా తీయరు. పెళ్లి పీటల మీదికి వచ్చినట్టు జంటగా రావాలి. రాబర్ట్ క్రేన్ అనే ఆయన 1960లో ప్రాగ్‌లో ఈ మాట చెప్పినప్పుడు అది ప్రయోగశాల సంగతి. ఆ జంట లోపలికి వస్తే నీరు దాని వెంటే వస్తుంది. విరేచనాలు ఆగవు. కానీ పోయేదానికన్నా వచ్చేది ఎక్కువైతే చాలు, మనిషి బతుకుతాడు. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ రోగుల మీద దాన్ని రుజువు చేశారు. అయితే అక్కడ ఆసుపత్రి ఉంది, కొలిచి పోసే సిబ్బంది ఉన్నారు. ఇక్కడ డ్రమ్ము, లోటా, భయపడిన జనం. శాస్త్రం సరైనదే అని నమ్మడం వేరు, దాన్ని ఏ డిగ్రీ లేని మనుషుల చేతికివ్వడం వేరు. నన్నడిగితే బన్‌గావ్‌లో అసలు సాహసం ఈ రెండోదే.

ఈ నీళ్లకొక పేరు పెట్టారు: ఓరల్ సెలైన్. తెలివైన పని. సెలైన్ అంటే జనానికి నమ్మకం, ఉప్పునీళ్లంటే లేదు.

డ్రమ్ము వరండాలోకి లాగు. ఇక పని మొదలు.

ఒక తల్లి. ఒళ్లో మూడేళ్ల పిల్ల. కళ్లు లోతుకు పోయాయి, ఏడుస్తోంది కానీ కన్నీరు రావడం లేదు. నాడి వేగంగా ఉంది. అయినా అందుతోంది. మింగగలదు. ఈ పిల్లకు సూది అక్కర్లేదు. లోటా నింపి తల్లి చేతికివ్వు.

"నీళ్లా? సూది వేయరా?"

"ఇది కూడా సెలైనే అమ్మా. నోట్లో పోసేది. చెంచాతో పట్టు. ఆపకు."

ఆమెకు నమ్మకం లేదు. అయినా పట్టింది. ఒక చెంచా. ఇంకొకటి. ఆత్రంగా మూడోసారి లోటానే నోటికి ఆనించింది. పిల్ల గటగటా తాగి, మొత్తం కక్కేసింది.

తల్లి లోటా కింద పెట్టేసింది. చుట్టూ ఉన్నవాళ్లు నిన్ను చూస్తున్నారు. ఇప్పుడు నువ్వు ఏం చేస్తావో దాన్ని బట్టే ఈ వరండాలో మిగతా అందరూ నడుచుకుంటారు.

ఆపకు. నువ్వే కూర్చో. పది నిమిషాలు ఆగు. మళ్లీ చెంచా తీసుకో. ఒక చెంచా. ఆగు. ఇంకో చెంచా. ఆగు. కక్కినప్పుడు పోయిందంతా తాగిందే కాదు, కొంత లోపలికి దిగే ఉంటుంది. నీరు, సోడా ఎక్కుతున్న కొద్దీ ఒంట్లో ఆమ్లం తగ్గుతుంది, దాంతో వాంతులూ తగ్గుతాయి. తల్లి మళ్లీ చెంచా నీ చేతిలోంచి తీసుకుంది. మంచిది. లేచి పక్కకు వెళ్లు.

డ్రమ్ము దగ్గర గొడవ. ఒక పెద్దాయన కాగితంలో విడిగా కట్టించుకున్న పొడి తన మనవడి గ్లాసులో గుప్పెడు కలిపేశాడు. "మందు కదా, ఎక్కువైతే త్వరగా పని చేస్తుంది" అంటున్నాడు. పిల్లవాడి పెదాలకు గ్లాసు తగలబోతోంది.

లాక్కో. పారబొయ్.

ఆయన నీ మీద అరుస్తాడు. అరవనీ. ఆ చిక్కటి నీళ్లు పేగులోకి దిగితే ఒంట్లోంచి నీటిని లాగేసుకుంటాయి. విరేచనం ఇంకా పెరుగుతుంది. ఉప్పు రక్తంలోకి ఎక్కితే బయట చిక్కబడి, ఇప్పటిదాకా కదలని కణాల్లోని నీరు బయటికి వచ్చేస్తుంది. మెదడు కణాలు ముడుచుకుంటాయి. పిల్లలకు ఫిట్స్ వస్తాయి.

నాలుగడుగుల అవతల దీనికి తలకిందులుగా జరుగుతోంది. ఒకామె తన తమ్ముడికి ఉత్త నీళ్లే కడివెడు తాగించేసింది. దాహం అంటే నీళ్లే కదా మరి! ఉప్పు లేని నీళ్లు లోపలికి సరిగా ఎక్కవు. ఎక్కినంత మేరా రక్తాన్ని పలుచన చేస్తాయి. అప్పుడు నీరు కణాల్లోకి దూరుతుంది. కణాలు ఉబ్బుతాయి. పుర్రెలో ఉబ్బడానికి చోటెక్కడిది? అప్పుడూ ఫిట్సే. ఒకే వరండాలో రెండు తప్పులు. దారి మధ్యలో ఉంది, అది 22, 3.5, 2.5. గుప్పెళ్లతో కొలిచే దారి కాదు. ఇక మీదట పొడి ఎవరి చేతికీ ఇవ్వకు. డ్రమ్ములో కలిపిందే ఇవ్వు.

డ్రమ్ములో పొటాషియం లేదు. దానికి ఖర్చు, అదనపు తూకం. విరేచనంలో అదీ పోతుంది, కండరాలు సడలిపోతాయి, గుండె లయ తప్పొచ్చు. లేత కొబ్బరినీళ్లు దొరికితే తాగించు. అరటిపండు తినగలిగినవాళ్లను తిననివ్వు. బెంగాల్‌లో రెండింటికీ కరువు లేదు.

చీకటి పడింది. లాంతరు వెలుగులో ఇప్పుడు నీ పని తేలికైంది, కష్టమూ అయింది. సీసాలు ఎవరికో నిర్ణయించాలి. నియమం ఒక్కటే: నాడి అందనివాళ్లకు, మింగలేనివాళ్లకు, స్పృహ తప్పినవాళ్లకు సీసా. రెండు, మూడు లీటర్లు ఎక్కి కూర్చోగలిగిన వెంటనే సూది తీసెయ్, లోటా ఇవ్వు. ఆ రైతు గోడకు ఆనుకుని తనే తాగుతున్నాడు. భార్య లోటా మీద లోటా తెస్తోంది. విరేచనం ఎంత పోతోందో చూసి అంత తాగమని చెప్పావు. ఆమె బొగ్గుతో గోడ మీద గీతలు గీసుకుంటోంది. పోయినదానికి ఒక గీత, తాగినదానికి ఒక గీత. నీ కేస్ షీటుకన్నా ఆ గోడే నయం.

అర్ధరాత్రి దాటాక ఎవరో నీ భుజం తడతారు. ఆ మూడేళ్ల పిల్ల తల్లి. ముఖం కంగారుగా ఉంది.

"డాక్టర్‌బాబూ, చీర తడిపేసింది."

లాంతరు దగ్గరికి పట్టు. తడి పసుపు పచ్చగా ఉంది. మూత్రం.

ఆమెకు అర్థం కాలేదు, నువ్వెందుకు నవ్వుతున్నావో. పొద్దున్నుంచి ఈ పిల్ల మూత్రం పోయలేదు. మనిషి మూత్రపిండాలు రోజుకు 180 లీటర్లు వడకట్టి, ఒకటిన్నర, రెండు లీటర్లు మాత్రమే బయటికి వదులుతాయి. అది పెద్దవాళ్ల లెక్క. రక్తం తగ్గిందని పసిగట్టగానే మూత్రపిండం రెనిన్ వదులుతుంది. దానివల్ల యాంజియోటెన్సిన్ పుట్టి నాళాలను బిగిస్తుంది, దాహం పుట్టిస్తుంది, అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టెరాన్ విడుదల చేయించి ఉప్పును వెనక్కి పట్టిస్తుంది. మెదడు నుంచి ఏడీహెచ్ అనే హార్మోన్ వచ్చి నీటిని పట్టి ఉంచుతుంది. చివరికి వడకట్టడానికే రక్తం చాలక అంతా ఆగిపోతుంది. ఆగినది ఎక్కువసేపు ఆగితే మూత్రపిండమే పాడవుతుంది. మళ్లీ మూత్రం వచ్చిందంటే నాళాలు నిండాయి, పీడనం నిలిచింది, మూత్రపిండం పని మొదలుపెట్టింది అని అర్థం. పది పరీక్షలు చెప్పేది ఒక తడి చీర చెప్పేసింది. పిల్ల ఏడుస్తోంది. ఈసారి చెంపల మీద కన్నీరుంది.

తెల్లారేసరికి రోడ్డు మీద మళ్లీ జనం. కొందరు వరండా దాకా రాకముందే పోయారు. అందర్నీ బతికించే మందేమీ కాదిది. ఆలస్యంగా వచ్చినవాడికి లోటా ఏం చేయలేదు. కానీ నిన్న నీ చేతిలో ఒక సీసా, ఇద్దరు మనుషులు. ఇవాళ డ్రమ్ము నిండా ఉంది, పట్టే చేతులు రోగులెంతమందో అంతకన్నా ఎక్కువే ఉన్నాయి. కోలుకున్నవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లకు చెంచా పట్టడం ఎలాగో చూపిస్తున్నారు. నిన్ను పిలవడం కూడా మానేశారు.

ఇలా దాదాపు రెండు నెలలు నడిచింది. శిబిరాల్లో అంతకుముందు కలరా వచ్చిన వందమందిలో 30 మంది దాకా పోయేవారు. మహలనబిస్ బృందం చూసిన సుమారు 3,700 మందిలో పోయినవాళ్లు 3.6 శాతం. ఈ లెక్కలున్న పరిశోధన పత్రం అచ్చయింది 1973లో. ఆ సంగతి లోకానికి ఒక్కసారిగా ఎక్కలేదు. ఆసుపత్రి బయట చదువురాని జనం ఇంత పని చేశారంటే నమ్మడానికి వైద్యలోకానికి సమయం పట్టింది. 1978లో లాన్సెట్ పత్రిక సంపాదకీయం పేగు ఉప్పునూ చక్కెరనూ జంటగా పీల్చుకునే ఈ సంగతిని ఆ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య పురోగతి కాగలదని లెక్కగట్టింది. మహలనబిస్ 2022 అక్టోబర్‌లో కన్నుమూశారు. 2023లో దేశం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది, బతికుండగా ఇవ్వలేదు.

ఇక ఆ వరండా నుంచి బయటికి రా. నువ్వు ఇప్పుడు నర్సింగు చదువుతున్నావు, లేదా ఫార్మసీ, లేదా ఎంబీబీఎస్ మొదటి ఏడు. నీ దగ్గర ఉన్నది ఆ సంచి మనవడు, ఓఆర్ఎస్ పొట్లం. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని కొంచెం పలుచన చేసింది: లీటరుకు ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. పలుచనయ్యాక పిల్లల్లో విరేచనం, వాంతులు తగ్గాయి, సెలైన్ అవసరమూ తగ్గింది. వంటసోడా స్థానంలో సిట్రేట్ రావడంతో పొట్లం ఎక్కువకాలం నిలవ ఉంటోంది. కొబ్బరికాయ చేసిన పని పొటాషియం క్లోరైడ్ చేస్తోంది.

అంగళ్లలో అదే మూడక్షరాల పేరు వేసుకుని చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ ఉన్న తీపి పానీయాలు కూడా చాలాకాలం అమ్మారు. చక్కెర ఎక్కువైతే పేగులో ఏం జరుగుతుందో నువ్వు ఇప్పుడే చూశావు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పట్టు వదలకుండా పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు అలాంటి పానీయాల మీద వాడకూడదని ఆదేశించింది.

కాబట్టి పొట్లం కొనేటప్పుడు ముందు వైపు పేరు కాదు, వెనక వైపు అంకెలు చదువు. లీటరు పొట్లం పూర్తిగా లీటరు నీళ్లలోనే కలుపు. సగం వాడి సగం దాచకు. కలిపింది 24 గంటలు దాటితే పారబొయ్. రెండేళ్లలోపు పిల్లకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో. తల్లిపాలు ఆపొద్దు. జింకు మాత్ర 14 రోజులు వేయించు. పిల్ల మగతగా ఉన్నా, తాగలేకపోయినా, చర్మం మడత నిలిచిపోయినా ఇంట్లో చెంచా పట్టుకుని కూర్చోకు, ఆసుపత్రికి తీసుకెళ్లు, దారి పొడవునా తాగగలిగినంత పట్టిస్తూ వెళ్లు.